లిఖితుడి ఏరు

చెయ్యేరు అనే పేరు వెనక ఒక కథ ఉంది. రాజంపేట, నందలూరు పక్క పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ చెబుతారు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు, ఇద్దరూ తపస్సు చేసుకునేవాళ్లు. ఏటి ఒడ్డున ఎవరి ఆశ్రమం వారిది. ఒకనాడు తమ్ముడు అన్న ఆశ్రమానికి పోయినాడు. అన్న లేడు. చెట్టున పండ్లు ఉన్నాయి. కోసుకొని తిన్నాడు. తింటుండగానే అన్న వచ్చి, అడగకుండా తిన్నావు కాబట్టి ఇది దొంగతనమే, రాజు దగ్గరికి పోయి ఒప్పుకొని శిక్ష వేయించుకోమన్నాడు. భారతంలో ఆ రాజు పేరు సుద్యుమ్నుడు. ఋషి తన ముందు నిలబడి నేను దొంగనంటే రాజుకు దిక్కు తోచలేదు. శిక్షించే హక్కు ఉన్నవాడికి క్షమించే హక్కూ ఉంటుంది కదా, వదిలేస్తానన్నాడు. లిఖితుడు ఒప్పుకోలేదు. చేతులు తెగాయి. అన్న చెప్పినట్టు ఏట్లో మునిగి తర్పణం విడిస్తే చేతులు మళ్లీ మొలిచాయి. అందుకే అది సంస్కృతంలో బాహుద, మన నోట చెయ్యేరు. కాణిపాకం వాళ్లు తమ బాహుదకూ ఇదే కథ చెప్పుకుంటారు. దాని మీద తగవు అక్కర్లేదు. తప్పు ఒప్పుకున్న మనిషి కథ ఎన్ని ఏర్లకు ఉంటే అంత మంచిది.

ఇదే ఏటి ఒడ్డున రాజంపేట దగ్గర అత్తిరాల ఉంది. తల్లిని చంపిన పాపం పరశురాముడు అక్కడే కడుక్కున్నాడని స్థలపురాణం. హత్యరాల అన్న మాటే అత్తిరాల అయిందంటారు. ఒక్క చిన్న ఏటికి రెండు కథలు, రెంటిలోనూ తప్పు చేసినవాడు తన కాళ్లతో తానే నీళ్లలోకి దిగాడు. ఇంకొకరిని దించలేదు.

ఆ ఏటి మీద, రాజంపేటకు ఎగువన బాదనగడ్డ దగ్గర ఒక కట్ట కట్టారు. తాళ్లపాక అక్కడికి దగ్గరే. అన్నమయ్య పుట్టిన ఊరు కాబట్టి ప్రాజెక్టుకు అన్నమయ్య పేరు పెట్టారు. రెండుంపావు టీఎంసీల లోపు నీళ్లు పట్టే జలాశయం. శ్రీశైలంతో, సోమశిలతో పోలిస్తే గిన్నెడు. కానీ కడప జిల్లాలో గిన్నెడు నీళ్లకు ఉండే విలువ వేరు. చెయ్యేరు ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. ఏట్లో చెలమ తవ్వి తాగిన ఊళ్లు ఒడ్డుపొడుగునా ఉన్నాయి. ఆ కట్ట వచ్చాక కింద అరటి, బొప్పాయి, మామిడి తోటలకు ధైర్యం వచ్చింది. బావుల్లో ఊట నిలిచింది. ఆ కట్టను చూసి పిల్లనిచ్చిన ఇళ్లు కూడా ఉండే ఉంటాయి.

కట్టలో రెండు భాగాలు. ఒకటి కాంక్రీటు స్పిల్‌వే, దానికి ఐదు గేట్లు. రెండోది 336 మీటర్ల మట్టికట్ట. మట్టికట్టకు పెద్ద శత్రువు ఒకటుంది. పక్కనుంచి నీరు ఒత్తితే ఓర్చుకుంటుంది, నెత్తి మీదుగా పారితే ఓర్చుకోదు. పొర్లిన నీరు అవతలి వాలును కోసుకుంటూ దిగుతుంది, కోత వెనక్కి పాకుతుంది, కాసేపటికి కట్ట ఉన్నచోట ఏరు ఉంటుంది. అందుకే మట్టికట్ట బతుకంతా గేట్ల చేతిలో ఉంటుంది. ఆ గేట్లు మనుషుల చేతిలో ఉంటాయి.

2021 నవంబరు 18. బంగాళాఖాతంలో వాయుగుండం. తిరుమల కొండ మెట్ల మీద నీళ్లు జలపాతంలా దూకుతున్న దృశ్యాలు అందరి ఫోన్లలోనూ తిరిగింది ఆనాడే. ఆ వాననీరే బాహుదలోకీ పింఛాలోకీ కూడా దిగింది. ఆ రెండూ కలిసిందే చెయ్యేరు. సుండుపల్లి పక్క పింఛా ప్రాజెక్టు మట్టికట్ట కూడా ఆ వరదలోనే తెగింది. తెగిన నీరంతా కింద ఉన్న అన్నమయ్య మీదికే వచ్చింది. ప్రభుత్వం తర్వాత చెప్పిన లెక్క ప్రకారం వచ్చిన వరద 3.2 లక్షల క్యూసెక్కులు, ఐదు గేట్లూ పూర్తిగా ఎత్తితే పోగలిగేది 2.17 లక్షలు. ఐదు గేట్లూ ఎత్తలేదు. ఎత్తగలిగింది నాలుగు. ఐదోది కదలలేదు. అంతకు ముందు ఏడాది నవంబరులో, నివర్ తుపాను వరదకే అది దెబ్బతిన్నదని అప్పటి పత్రికలు రాశాయి.

మరునాడు, 19వ తేదీ, కార్తీక పౌర్ణమి. తెల్లవారే వేళ నీరు కట్ట మీదికెక్కింది. కట్ట పోయింది.

పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, రామచంద్రాపురం, గుండ్లూరు. ఈ పేర్లు అప్పటిదాకా రాజంపేట బస్టాండులో కేక వేస్తే తప్ప వినపడనివి. పౌర్ణమి అని ఆడవాళ్లు చీకటితోనే లేచి తలంట్లు పోసుకున్నారు. ఉసిరికాయ మీద వత్తి, అరటిదొప్పలో వత్తి, 365 వత్తుల కట్ట. దీపాలు పెట్టడానికి శివాలయానికి పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. మిద్దె ఎక్కినవాళ్లు బతికారు, మిద్దె లేనివాళ్లు చెట్టెక్కారు. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు వరదలో ఇరుక్కుంటే జనం బస్సు టాపు మీద నిలబడి చేతులు ఊపారు. ఆ వీడియో చూడనివాళ్లు ఆ వారం రాష్ట్రంలో లేరు. నందలూరు, రాజంపేటల మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడిన నందలూరు, ఆ రోజు రైలు రాని ఊరు. నీరు తీసిన తర్వాత చూస్తే మడుల మీద నిలువెత్తు ఇసుక మేటలు. పశువులు కట్టుగొయ్యలకు కట్టినట్టే చచ్చి ఉన్నాయి, విప్పే వ్యవధి లేక. పోయిన ప్రాణాలు 30కి పైన. మట్టిలో దొరికినవాళ్లు దొరికారు, దొరకనివాళ్ల కోసం పెన్న దాకా వెతికారు.

ఇక్కడి నుంచి కథ అందరికీ తెలిసిన దారిలో నడిచింది. ఎవరి తప్పు?

నాలుగు గేట్ల మాట వదిలి ఐదో గేటు మాట చూద్దాం. ఒక ప్రాజెక్టులో గేటు చెడితే ఏం జరుగుతుందో ఏ ఇరిగేషన్ ఆఫీసులోనైనా చెబుతారు. మొదట చూసేది కట్ట మీద కాపలా ఉండే లష్కర్. అతను ఏఈకి చెబుతాడు. ఏఈ చూసి డీఈకి రాస్తాడు. డీఈ ఈఈకి, ఈఈ ఎస్ఈకి, ఎస్ఈ సీఈకి. ఎస్టిమేటు వేస్తారు. అది పైకి పోతుంది. పైన మెకానికల్ వాళ్లను కనుక్కోమంటారు. మెకానికల్ వాళ్లు నిధులున్నాయా అంటారు. ఆర్థిక శాఖ కొర్రీ వేస్తుంది. కొర్రీకి జవాబు రాసేసరికి రాసినవాడు బదిలీ అవుతాడు. టెండరు పిలిస్తే పాత బిల్లులు రాని కాంట్రాక్టరు ముఖం చూపడు. ఈ నిచ్చెనలో ఏ మెట్టు మీద నిలబడ్డ మనిషిని అడిగినా తన పని తాను చేశాననే చెబుతాడు. అబద్ధం కాదు. రాశాడు. లిఖితపూర్వకంగా రాశాడు.

ఆ లిఖితపూర్వకం అన్న మాట దగ్గర నాకు లిఖితుడు గుర్తొస్తాడు. ఆయనకు చేతులు తెగాయి. మన లిఖితాలకు మొదటినుంచీ చేతులే లేవు.

వేలెత్తి చూపడం తేలిక కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. నేను గుమాస్తాగా పనిచేసిన ఒక ఆఫీసులో, దాని పేరెందుకు గానీ, మేడమెట్ల మీద ఒక బండ కదులుతుండేది. అందరికీ తెలుసు. ఆ మెట్టు దాటి కాలు వేయడం మాకు అలవాటైపోయింది. కొత్తగా చేరినవాళ్లకు కూడా చెప్పేవాళ్లం, పైనుంచి మూడో మెట్టు, జాగ్రత్తప్పా అని. నేను మూడు లెటర్లు పుటప్ చేశాను, రెండు రిమైండర్లు. ఒక వానరోజు అర్జీ పట్టుకొని వచ్చిన ముసలాయన ఆ మెట్టు మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అరుపు వినగానే నేను మొదట చేసిన పని మెట్ల వైపు పరుగెత్తడం కాదు. బీరువా తెరిచి, నా లెటరు కాపీ ఫైల్లో ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. గుండె నెమ్మదించింది. ఆ నెమ్మదిని ఇన్నేళ్లయినా నేను మరిచిపోలేదు. బండ కింద ఇంత సిమెంటు వేయడానికి మేస్త్రీకి ఒక పూట కూలి అయ్యేది. నలుగురం తలా కొంత వేసుకున్నా సరిపోయేది. మాలో ఎవరికీ ఆ ఊహే రాలేదు, ఎందుకంటే మెట్టు అందరిదీ.

పదిమంది చేతిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. పదిమందీ కర్ర పట్టుకునే ఉంటారు. పక్కవాడు కొడతాడని చూస్తారు. పామూ చూస్తుంది.

మన సీమ ప్రాజెక్టులకు ఇంకో జబ్బు కూడా ఉంది. దాన్ని తప్పు అనడానికి నోరు రాదు. నీళ్లు లేని దేశంలో నీటి ఉద్యోగికి చిన్ననాటి నుంచి నేర్పేది ఒక్కటే, పట్టి ఉంచమని. గేటు ఎత్తి కిందికి వదిలిన నీరు ఎండాకాలం వచ్చేసరికి శాపమవుతుంది. ఎందుకు వదిలావని రైతు అడుగుతాడు, ఎమ్మెల్యే అడుగుతాడు. ఎందుకు వదల్లేదని ఎవరైనా అడిగేది పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఒకసారి. పైగా కడప పక్కకు పెద్దవాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నవంబరుల్లో వస్తుంది. అప్పటికి జలాశయం నిండి ఉంటే అందరికీ సంబరం. పూజచేసి, పసుపుకుంకాలు వేసి, సారె వదులుతారు. నిండిన కడవ మీదనే కుండపోత. ఏళ్ల తరబడి పూర్తిగా ఎత్తే అవసరం రాని గేటుకు తుప్పు పడుతుంది, గ్రీజు ఎండిపోతుంది. దాని అవసరం లేదన్న నమ్మకం కూడా దానితోపాటే గట్టిపడుతుంది. కరువు మనిషికి వరద వస్తుందని చెబితే నమ్మడు. నమ్మకపోవడం అతని తప్పు కాదు. నమ్మడం ఎవరి ఉద్యోగమో వాళ్లు నమ్మకపోవడమే తప్పు.

2021 డిసెంబరు 2న రాజ్యసభ డ్యాం భద్రతా బిల్లును ఆమోదించింది. ఆ చర్చ రోజుల్లోనే అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ అన్నమయ్య పేరెత్తి, ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని, అది రాష్ట్రం బాధ్యతేనని అన్నారు. రాష్ట్రంలో జలవనరుల మంత్రిగా ఉన్న అనిల్ కుమార్ యాదవ్ ఒప్పుకోలేదు. ఐదు గేట్లూ ఎత్తినా అంత వరద పోయేది కాదని, ఇది మానవ తప్పిదం కాదని వాదన. అధికార పక్షం పాత ప్రభుత్వం వైపు చెయ్యి చూపింది, ప్రతిపక్షం అప్పటి ప్రభుత్వం వైపు చూపింది.   ముందే చాటింపు వేశామని అధికారులు, మాకెవరూ చెప్పలేదని ఊళ్లవాళ్లు.

ఐదు గేట్లు ఎత్తినా చాలదన్న వాదన లెక్కకు సరైనదే కావచ్చు. కానీ ఆ లెక్క వాళ్లను విడిపించదు, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చాలదని తెలిసినవాడు రాత్రికి రాత్రే ఊళ్లు ఖాళీ చేయించాలి. పింఛా నీరు కిందికి వస్తుందని లెక్కకట్టగలిగినవాడికి పులపత్తూరు ఎంత దూరంలో ఉందో కూడా తెలిసి ఉండాలి. గేటు ఒకరి పని, వాన లెక్క ఇంకొకరి పని, చాటింపు రెవెన్యూ వాళ్ల పని. మూడు పనులూ ముగ్గురివే. ఆ మూడింటి నడుమ ఉన్న సందు ఎవరిదీ కాదు. 30 మందికి పైగా పోయింది ఆ సందులోనే.

ఆ నెలాఖరున, డిసెంబరు 30న, ఆ డ్యాం భద్రతా బిల్లు చట్టంగా అమల్లోకి వచ్చింది. వానాకాలానికి ముందూ తర్వాతా డ్యాంను తనిఖీ చేయాలి, అత్యవసర ప్రణాళిక ఉండాలి, మరమ్మతులకు సొమ్ము కేటాయించి ఉంచాలి, ఇవన్నీ డ్యాం యజమాని బాధ్యత అని అందులో ఉంది. ఆ చట్టం కింద ప్రభుత్వ శాఖే నేరం చేస్తే శాఖాధిపతినే దోషిగా ఎంచాలని కూడా రాశారు. చదివి సంతోషించబోతే, పక్కనే ఇంకో వాక్యం. తనకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్తంతా తీసుకున్నాననో నిరూపించుకుంటే ఆయన బయటపడవచ్చు. న్యాయమైన మినహాయింపే. కానీ జాగ్రత్త తీసుకున్నానని నిరూపించేది ఏది? బీరువాలో కాపీ.

మనం దీన్ని కొత్తగా చూడటం లేదు. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు డ్యాం తెగి మోర్బీ ఊరిని ముంచింది. అక్కడా కొన్ని గేట్లు లేవలేదు, అక్కడా మట్టికట్టే పోయింది. విచారణ సంఘాన్ని వేసి, నివేదిక రాకుండానే ఎత్తేశారు. మన కర్నూలు చూడండి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. సుంకేశుల బ్యారేజీ మట్టికట్ట తెగింది. కింద శ్రీశైలంలో నీటిమట్టం 885 అడుగుల పూర్తిస్థాయి దాటిపోయింది. డ్యాం నిలిచింది కాబట్టి మనం ఇవాళ దాని గురించి మామూలుగా మాట్లాడుకుంటున్నాం. అంతకు ముందు వారాల్లో శ్రీశైలాన్ని అంత నిండుగా ఎవరు ఉంచమన్నారు అన్న ప్రశ్నకు సాగునీటి వాళ్లు కరెంటు వాళ్ల వైపు, కరెంటు వాళ్లు సాగునీటి వాళ్ల వైపు చూశారు. మిద్దెల మీద రెండు రాత్రులు గడిపిన కర్నూలు జనం ఇద్దరి వైపూ చూశారు.

ఒక్కసారి మాత్రం వేరేగా జరిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. కర్నూలు పడమటి పొలాలకు ఆ డ్యామే ప్రాణం. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ మూడింటి పెత్తనంలో ఉన్న డ్యాం అది. మూడు రాష్ట్రాలంటే తప్పు దాచుకోవడానికి మూడు చోట్లు. ఈసారి ఎవరూ దాక్కోలేదు. గేట్ల పనిలో ఆరితేరిన కన్నయ్య నాయుడు, ఉద్యోగ విరమణ చేసి ఎన్నో ఏళ్లయిన పెద్దమనిషి, వచ్చి పారే వరద మీదే స్టాప్‌లాగ్ అనే అడ్డుపలకలు దింపే పని పెట్టించారు. వారం తిరిగేసరికి నీరు ఆగింది. మెచ్చుకోవాల్సిందే. అయితే డెబ్బయ్యేళ్ల నాటి గొలుసు తెగేదాకా ఎందుకు ఉందన్న ప్రశ్న ఆ చప్పట్లలో వినపడలేదు. మనకు నిప్పు ఆర్పినవాడే కనిపిస్తాడు. నిప్పు అంటుకోకుండా చూసినవాడి పేరు ఏ పత్రికలోనూ రాదు, ఎందుకంటే రాయడానికి ఏమీ జరగదు.

చెయ్యేటి దగ్గర కూడా ఒక మనిషి ఉన్నాడు. ప్రాజెక్టులో పనిచేసే లష్కర్. ఇందాక చెప్పిన నిచ్చెనలో అట్టడుగు మెట్టు. కట్ట మీదికి నీరు వస్తోందని తెలిసి ఊళ్లకు ఫోన్లు చేశాడు. లేవండి, పరుగెత్తండి, మిట్ట ఎక్కండి అని. ఆ మాట విని కదిలినవాళ్లు బతికారు. ఊళ్లను లేపమని అతని కొలువు కాగితంలో ఉంటుందనుకోను. పైవాళ్ల ఆర్డరు కోసం ఆగి ఉంటే అతన్నీ ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్ మోహన్ రెడ్డి 2021 డిసెంబరులో పులపత్తూరు వచ్చినప్పుడు అతన్ని మెచ్చుకున్నారు. లష్కర్ చేతిలో ఫైలు లేదు, కాపీ పెట్టుకోవడానికి బీరువా లేదు. సెల్‌ఫోను ఒకటి ఉంది.

శంఖుడు తమ్ముణ్ణి రాజు దగ్గరికి పంపిన ఘట్టం చదివినప్పుడల్లా చిన్నప్పుడు నాకు అన్న మీద కోపం వచ్చేది. నాలుగు పండ్లకు ఇంత రాద్ధాంతమా అని. ఇప్పుడు ఆ కోపం లేదు. లిఖితుడు కాసేపటి తర్వాత అన్నను ఒక మాట అడుగుతాడు, ఇంత శక్తి ఉన్నవాడివి నన్ను ముందే శుద్ధి చేయలేకపోయావా అని. శిక్ష వేయడం నా పని కాదు, రాజు పని అంటాడు శంఖుడు. పని ఎవరిదో తెలిసిన అన్న, తప్పు ఎవరిదో తెలిసిన తమ్ముడు, వదిలేయాలని ఉన్నా వదలలేని రాజు. ముగ్గురూ తమ తమ చోట్ల నిలబడ్డారు కాబట్టే ఆ ఏటికి ఆ పేరు నిలిచింది.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అప్పట్లో రాజంపేట చేరిన జిల్లాకు అన్నమయ్య పేరు పెట్టారు. 2024లో ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారింది. అప్పటికి కట్ట మళ్లీ కట్టలేదు. కాంక్రీటు స్పిల్‌వే, దాని గేట్లు బాదనగడ్డ దగ్గర నిలబడే ఉన్నాయి. చెయ్యేరు వాటి పక్కనుంచి, మట్టికట్ట ఉండిన చోటునుంచి పారుతూ ఉండింది.